ఏం వదులుకుంటారో అడగండి



ఖరీఫ్ దగ్గర పడితే మన ఊళ్ళలో ఒకటే మాట వినిపిస్తుంది: ఈసారి ఏ విత్తనం ఇస్తున్నారు? దీనికి జవాబు పైనుంచి రావడం మనకు అలవాటైపోయింది. వచ్చిన రకం విత్తుతాం. కలిసొస్తే సంతోషిస్తాం, రాకపోతే వానను తిట్టుకుంటాం. ఈ రోజు నేను ఆ ప్రశ్నను తిరగేసి మాట్లాడదలుచుకున్నాను. ఒక ప్రాంతానికి ఎన్ని రకాల విత్తనాలు ఉండాలి, ఒక్కొక్కటి ఎట్లా ఉండాలి అన్న సంగతిని, ఆ విత్తనం కొని విత్తే మనిషి మనసులోంచి లెక్క కట్టి తీయవచ్చు. అందుకు ప్రపంచంలో ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి వెనక ఒక తెలుగువాడి గణితం ఉంది. దాన్ని పోలిన పని మన అనంతపురం నేల మీదే ఒకసారి జరిగి ఫలితమిచ్చింది.

ముందు మన నేల సంగతి గుర్తు చేసుకుందాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన. పడమటి కనుమల చాటున ఉన్నాం కాబట్టి నైరుతి మేఘం అక్కడే కురిసి, మన దాకా వచ్చేసరికి తేలిపోతుంది. ఈశాన్య వాన కోస్తా దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గుతుంది. ఎర్రనేల, లోతు తక్కువ, నీళ్ళు పట్టి ఉంచుకోదు. ఆ నేలలో పదును చూసి గొర్రు కట్టి వేసే పంట వేరుశనగ. ఒకప్పుడు ఉమ్మడి జిల్లాలో 7 లక్షల హెక్టార్లకు పైగా ఈ ఒక్క పంటే ఉండేది.

ఇన్ని లక్షల హెక్టార్లలో అరవై ఏళ్ళకు పైగా రాజ్యమేలిన రకం ఒకటే, టీఎంవీ 2. తమిళనాడులోని తిండివనం పరిశోధనా కేంద్రం దాన్ని 1940లో విడుదల చేసింది. మంచి రకమే. మన తాతల కాలం నుంచి ఇళ్ళు నిలబెట్టింది. కానీ లోతు నేల ఉన్న రైతుకూ అదే, మొరపనేల రైతుకూ అదే, బోరు ఉన్నాయనకూ అదే, వాననే నమ్ముకున్నాయనకూ అదే. అందరికీ ఒకే కొలత చొక్కా కుట్టినట్టు.

మరి రైతును అడిగితే సరిపోదా అంటారు. అడుగుతూనే ఉన్నారు. ఎట్లా అడుగుతున్నారో చూడండి.

"ఏం పెద్దాయనా, ఎట్లాంటి విత్తనం కావాల?"

"కాయ బాగా పట్టాల సార్. బెట్టకు తట్టుకోవాల. తెగులు రాకూడదు. పశువులకు కట్టె మిగలాల. అంగట్లో రేటు పలకాల. తొందరగా చేతికి రావాల."

రాసుకున్నాయన కాగితం మీద ఆరు గుణాలు చేరాయి. పక్కూళ్ళో అడిగినా ఇవే ఆరు. జిల్లా అంతా తిరిగినా ఇవే ఆరు. రైతు అబద్ధం చెప్పలేదు, అన్నీ కావలసినవే. కానీ ఈ కాగితంతో ఏ శాస్త్రవేత్తా ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేడు. ఎందుకంటే మొక్క అన్నీ ఇవ్వదు. కాలం తగ్గిస్తే మంచి వానలు పడిన ఏడు దిగుబడి కొంత తగ్గుతుంది. గింజ లావైతే విత్తనం ఖర్చు పెరుగుతుంది. ఒకటి కావాలంటే మరొకటి కొంత వదులుకోవాలి. కాబట్టి అడగవలసింది ఆ వదులుకోవడం గురించే: దేని కోసం దేన్ని, ఎంత మేరకు వదులుకుంటారు?

ఒక ఉదాహరణ చెప్తాను. లెక్క కోసం నేను వేసుకున్న అంకెలివి, ఏ రకానికీ అన్వయించవద్దు. రెండు చీట్లు ఉన్నాయి. మొదటి చీటీలో విత్తనం 95 రోజులది. వాన బాగుంటే ఎకరాకు 6 మూటలు, బెట్ట వస్తే 4 మూటలు. రెండో చీటీలో విత్తనం 115 రోజులది. వాన బాగుంటే 10 మూటలు, బెట్ట వస్తే 2 మూటలు. అయిదేళ్ళలో మూడేళ్ళు బెట్ట అనుకోండి. మొదటి విత్తనం అయిదేళ్ళకు 24 మూటలు ఇస్తుంది, రెండోది 26 ఇస్తుంది. సగటు చూసే ఆఫీసు కాగితం రెండో విత్తనానికే ఓటేస్తుంది. కౌలుకు చేసేవాళ్ళను, బ్యాంకులోనూ బయటా అప్పు ఉన్నవాళ్ళను అడిగి చూడండి, చాలామంది మొదటి చీటీ మీద వేలు పెడతారు. రెండు మూటలు పోయినా ఫరవాలేదు, వరసగా రెండేళ్ళు చేతిలో ఏమీ లేకుండా పోకూడదన్నది వాళ్ళ లెక్క. అదే ఊళ్ళో బోరులో ఇంకా నీళ్ళున్న రైతు రెండో చీటీ తీసుకుంటాడు. ఎవరి లెక్క వారికి సరైనదే.

ఇక్కడితో ఆగకూడదు. చీట్లలో అంకెలు మార్చి మళ్ళీ అడగాలి. 95 రోజులకు 6 మూటలా, 105 రోజులకు 7 మూటలా? రైతు ఎటూ తేల్చుకోలేక, రెండూ ఒకటేలే అన్నాడనుకోండి. ఆ మాటలో ఒక కొలత దొరికింది. పదిరోజుల తొందరకు ఆయన కట్టిన వెల ఒక మూట, అంటే రోజుకు మూటలో పదో వంతు. బోరు రైతును అడిగితే పదిరోజులకు పావు మూట కూడా వదులుకోనంటాడు. ఇట్లా కట్టె ఖరీదు, గింజ సైజు ఖరీదు, బెట్ట భయం ఖరీదు ఒక్కొక్కటీ మూటల్లోకో రూపాయల్లోకో మార్చి చూపించవచ్చు. ఈ వెలలు ఎక్కడ దగ్గర దగ్గరగా ఉన్నాయో అక్కడివాళ్ళు ఒక గుంపు, ఎక్కడ తేడాగా ఉన్నాయో వాళ్ళు వేరే గుంపు. ఎన్ని గుంపులు తేలితే అన్ని రకాల విత్తనాల గురించి ఆలోచన మొదలుపెట్టవచ్చు.

ఈ పద్ధతికి కన్‌జాయింట్ విశ్లేషణ అని పేరు. 1964లో డంకన్ లూస్, జాన్ టూకీ అనే ఇద్దరు పండితులు దీనికి గణిత పునాది వేశారు. 1971లో పాల్ గ్రీన్, విఠల రావు దీన్ని మార్కెట్ పరిశోధనలోకి తెచ్చారు. ఆ తర్వాత సబ్బుల నుంచి విమాన టికెట్ల దాకా దీంతోనే రూపకల్పన జరిగింది. 1983లో అమెరికాలో మారియట్ సంస్థ తెరిచిన కోర్ట్‌యార్డ్ హోటళ్ళు ఇట్లా తయారైనవే. గది ఎంత ఉండాలి, భోజనశాల ఎట్లా ఉండాలి, దేనికి ఎంత డబ్బు ఇస్తారు, ఏది లేకపోయినా సరిపెట్టుకుంటారు అని ప్రయాణికులను అడిగి, ఆ జవాబుల మీద హోటల్ కట్టారు.

పెద్ద పెద్ద కంపెనీలు హోటల్ గదికి పెట్టిన శ్రద్ధ, లక్షల కుటుంబాలు ఆధారపడిన విత్తనానికి పెట్టకూడదా? పెట్టవచ్చు, ఖర్చు కూడా ఎక్కువ కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే మన పొరుగున పుట్టిన ఒక మహానుభావుడి పేరు చెప్పాలి.

చీట్లతో అడగడంలో ఒక చిక్కుంది. గుణాలు నాలుగు అనుకోండి: పంట కాలం, బెట్టలో దిగుబడి, కట్టె, గింజ సైజు. ఒక్కొక్కదానికి మూడు మెట్లు, అంటే తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. అన్ని కలయికలూ రాస్తే 81 చీట్లు అవుతాయి. పొలం పని వదిలి వచ్చిన మనిషి ముందు 81 చీట్లు పరిస్తే పది చూసేసరికి విసుగొస్తుంది. వాటిలో 9 చీట్లు ఎంచుకుంటే చాలు, నాలుగు గుణాల్లో ఒక్కొక్కదాని బరువెంతో విడివిడిగా తేల్చవచ్చు. ఎంచుకోవడంలోనే ఉంది కిటుకు. ఏ రెండు గుణాలు తీసుకున్నా వాటి జోడీలన్నీ తలా ఒక్కసారి వచ్చేట్టు ఆ తొమ్మిదీ ఉండాలి. ఇట్లాంటి అమరికలను ఆర్తోగొనల్ అర్రేలు అంటారు. 1940లలో వీటిని లోకానికి ఇచ్చినవారు కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. 1920 సెప్టెంబర్ 10న హడగలిలో, అప్పటి బళ్ళారి జిల్లాలో, తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. కలకత్తాలో భారత గణాంక సంస్థలో పనిచేశారు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన గణితం ప్రపంచమంతా తిరిగింది. పక్కనే ఉన్న మన ఊళ్ళలోకి కూడా రావాలి.

ఇక మన జిల్లాలో జరిగిన పని దగ్గరికి వద్దాం.

2002 నుంచి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ, అనంతపురం జిల్లా రైతులతో కలిసి కొత్త వేరుశనగ రకాలను పొలాల్లోనే పరీక్షించింది. పరిశోధనా కేంద్రంలో గెలిచిన రకాన్ని తెచ్చి రైతుకు అప్పజెప్పడం పాత పద్ధతి. ఇక్కడ కొన్ని రకాలను రైతుల చేలల్లో, వాళ్ళ వానకు, వాళ్ళ గొర్రుకు, టీఎంవీ 2 పక్కనే వేసి, ఎంపిక రైతులకే వదిలారు. రైతులు ఎంచుకున్న రకం ఐసీజీవీ 91114. 2006లో అది ఆంధ్రప్రదేశ్‌లో అధికారికంగా విడుదలైంది.

అది ఎందుకు నచ్చిందో చూస్తే రైతు మనసులోని బేరం కనిపిస్తుంది. దాని కాలం 90 నుంచి 95 రోజులు. మన దగ్గర వాన ఆగస్టులో ముఖం చాటేస్తే ఊడలు గట్టిపడిన నేలలోకి దిగలేవు. సెప్టెంబరు చివర్లో ముందే వెనుదిరిగితే కాయలో గింజ నిండదు. తొందరగా కోతకొచ్చే రకం ఆ చివరి బెట్టను తప్పించుకుంటుంది. మధ్యలో వచ్చే బెట్టకూ తట్టుకుంటుంది. తర్వాత జరిగిన అధ్యయనంలో టీఎంవీ 2 కంటే దిగుబడి 23 శాతం ఎక్కువని తేలింది. నా దృష్టిలో అంతకంటే గొప్ప అంకె ఇంకొకటి ఉంది. ఏటికీ ఏటికీ మధ్య దిగుబడిలో హెచ్చుతగ్గులు 30 శాతం తగ్గాయి. ఇందాకటి మొదటి చీటీ మీద వేలు పెట్టిన కౌలు రైతు కోరుకున్నది సరిగ్గా ఇదే.

ఇంకో గుణం ఉంది, కాయ చూసి తూకం వేసేవాళ్ళ లెక్కలోకి రానిది. కట్టె. ఈ రకానికి కోత సమయానికి కూడా ఆకు పచ్చగా నిలుస్తుంది. ఆ కట్టె మేసిన పాడి పశువులు సుమారు పదో వంతు ఎక్కువ పాలిచ్చాయని పరిశీలనలో తేలింది. కరువు ఏడు కాయ పోయినా పాలు అమ్మి పూట గడుపుకునే ఇంటికి కట్టె అంటే రెండో పంట. అయితే ఇంట్లో కట్టె విలువ తెలిసింది ఎవరికి? పశువుకు మేత వేసి పాలు పితికే ఆడవాళ్ళకు. బుడ్డలు ఒలిచి విత్తనం సిద్ధం చేసేదీ వాళ్ళే. పొట్టు మందమో పలచనో, ఒలిస్తే గింజ చిట్లుతుందో లేదో వాళ్ళ వేళ్ళకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కాబట్టి చీట్లు ఒక్క మగవాళ్ళ ముందే పరిస్తే సగం జవాబే వస్తుంది.

గింజ సైజు సంగతి కూడా దగ్గర నుంచి చూద్దాం. వరసల మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు 1,35,000 మొక్కల దాకా పడతాయి. నూరు గింజలు 35 గ్రాములు తూగే రకమైతే ఎకరాకు 47 కిలోల విత్తనం కావాలి. 45 గ్రాములు తూగే లావు గింజ రకమైతే 60 కిలోలు దాటుతుంది. అంగట్లో లావు గింజకు మంచి ధర రావచ్చు. కానీ పదమూడు కిలోల విత్తనం డబ్బు జూన్‌లోనే, చేతిలో రూపాయి లేనప్పుడే, ముందుగా పెట్టాలి. మొదటి వానకు మొలిచి బెట్టకు మాడిపోతే మళ్ళీ విత్తాలి, మళ్ళీ ఆ పదమూడు కిలోలు. వ్యాపారికి గింజ సైజు లాభం, రైతుకు అదే గుణం ఒక పందెం. ఈ రెండు వెలలనూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఏ రకం మేలో ఎవరూ చెప్పలేరు.

ఇట్లా మనిషికో రకం చేసుకుంటూ పోదామా అంటే కుదరదు. వేరుశనగ విత్తనం వృద్ధి చాలా నెమ్మది. జొన్న కంకి ఒక్క గింజకు వందల గింజలు ఇస్తుంది. వేరుశనగ ఒక ఎకరా విత్తనం మళ్ళీ పది ఎకరాలకు సరిపోతే గొప్ప. బ్రీడర్ విత్తనం, ఫౌండేషన్ విత్తనం, సర్టిఫైడ్ విత్తనం, ఇన్ని మెట్లు ఎక్కాలి. ప్రతి కొత్త రకానికీ ఈ మెట్లన్నీ విడిగా కట్టాలి, విడిగా నిల్వ చేయాలి, కలగాపులగం కాకుండా కాపాడాలి. టీఎంవీ 2 అరవై ఏళ్ళు కదలకపోవడానికి ఇదీ ఒక కారణమే. కాబట్టి రకాలు మూడో నాలుగో మించకూడదు. ఆ మూడూ ఏవి అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ ఒక పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. పదిమంది రైతులున్నారు. ఆరుగురికి ఒక రకం మొదట నచ్చింది. దానికి దగ్గరగా ఉండే ఇంకో రకం వాళ్ళకే రెండోదిగా నచ్చింది. మిగతా నలుగురికీ ఆ రెండూ పనికిరావు, పూర్తిగా వేరే రకం కావాలి. రెండే రకాలకు స్థోమత ఉంది. మార్కులు కూడితే మొదటి రెండూ గెలవవచ్చు. అప్పుడు నలుగురు ఖాళీ చేతులతో మిగులుతారు. ఆరుగురికి ఒకటి, నలుగురికి ఒకటి ఇస్తే పదిమందీ విత్తుకుంటారు. రకాల సంఖ్య అదే, ఖర్చు అదే. ఏ రకానికి ఎన్ని మార్కులు అని చూడటం ఆపి, ఎవరికి ఏమీ మిగలలేదు అని చూస్తే చాలు. జిల్లా అంతటికీ సగటు తీసిన రైతు ఎవరూ లేరు. మొరపనేల రైతు ఉన్నాడు, పెన్న ఒడ్డున లోతు నేల రైతు ఉన్నాడు.

అన్నీ ఒకే బుట్టలో పెట్టడంలో ప్రమాదం కూడా మనకు తెలుసు. 2000వ సంవత్సరం ఖరీఫ్ గుర్తున్నవాళ్ళు ఈ ప్రసంగం వింటూనే ఉంటారు. ఆ ఏడు కాండం కుళ్ళు వైరస్ తెగులు సుమారు 2,25,000 హెక్టార్లలో పంటను దెబ్బతీసింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. గట్ల మీది వయ్యారిభామ మొక్కల పుప్పొడిలో వైరస్, దాన్ని పైరు మీదికి చేర్చినవి తామర పురుగులు. రకాలు మార్చినంత మాత్రాన ఆ తెగులు ఆగిపోయేదని నేను అనను. కానీ ఇన్ని లక్షల ఎకరాలు ఒకే మొక్క మీద ఆధారపడటం ఎప్పటికైనా ముప్పే.

ఆ తర్వాత మన చేలల్లో మార్పు వచ్చింది. కదిరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి కదిరి 6 వచ్చి బాగా పాకింది. కదిరి 9 వచ్చింది. ఈ మధ్య కదిరి లేపాక్షి వచ్చింది, దాని కాలం సుమారు 120 రోజులు. అంటే 90 రోజుల నుంచి 120 రోజుల దాకా మన ముందు మెట్లు ఉన్నాయి. శాస్త్రవేత్తలు వాళ్ళ పని చేశారు. ఏ గ్రామంలో, ఏ నేలలో, ఏ కుటుంబానికి ఏ మెట్టు అని కలపవలసిన పని మిగిలి ఉంది.

ఒక హెచ్చరిక. అన్ని గుణాలూ బేరానికి రావు. మొలక శాతం తక్కువైన విత్తనానికి ఎంత ధర తగ్గించినా రైతు వద్దనే అంటాడు. అట్లాంటివి చీట్లలో పెట్టకూడదు. అవి ముందే దాటి రావలసిన గీతలు. అడిగేవాళ్ళు మొదట ఆ గీతలు ఏవో తెలుసుకుని, మిగతా గుణాల మీదే చీట్లు రాయాలి. ఇంకో సంగతి, చీటీ మీద చెప్పిన మాటకూ చేలో చేసిన పనికీ తేడా ఉండవచ్చు. అందుకని చీట్లు దారి చూపించాలి, చేను తీర్పు చెప్పాలి.

చేను తీర్పు తీసుకోవడానికి ఇప్పుడు తేలికైన పద్ధతి ఉంది. ప్రతి రైతుకు మూడు రకాల విత్తనాలు, పేర్లు రాయకుండా చిన్న చిన్న సంచుల్లో ఇస్తారు. మూడింటినీ పక్కపక్కన విత్తుతాడు. కోత తర్వాత రెండే ప్రశ్నలు: మూడింట్లో ఏది మేలు, ఏది నాసి? మేలుదీ నాసిదీ తెలిస్తే మధ్యది తనంత తానే తేలుతుంది. ఒక్క రైతు రెండు మాటల్లో మూడు పోలికలు వచ్చేశాయి. ఒక్కొక్కరు వేరే వేరే మూడు వేస్తారు కాబట్టి వందల చేలల జవాబులు కలిపితే చాలా రకాల తారతమ్యం బయటపడుతుంది. ఇథియోపియా, నికరాగువా, మన దేశం, ఈ మూడు చోట్లా 12,409 రైతు మడులలో ఇట్లా వచ్చిన ఫలితాలను 2019లో ప్రచురించారు. ఏ వాతావరణంలో ఏ రకం నిలుస్తుందో రైతుల మాటల నుంచే లెక్క తేల్చారు.

ఇట్లా అడగడానికి మన దగ్గర కొత్త ఆఫీసు అక్కర్లేదు. ఊరూరా రైతు సేవా కేంద్రం ఉంది. అక్కడ వ్యవసాయ సహాయకులు ఉన్నారు. ఎండాకాలంలో, ఇంకా విత్తనం ఇండెంటు పైకి పోకముందే, ఒక సాయంత్రం ఊరివాళ్ళను కూర్చోబెట్టి తొమ్మిది చీట్లు పరిచి చూడమని అధికారులకు నా విన్నపం. చదువు రానివాళ్ళకు చీటీ మీద రాతకు బదులు గింజలు, కాయలు, కట్టె పెట్టండి. ఇండెంటు ఆ చీట్ల మీద రాయండి. ఆడవాళ్ళను విడిగా అడగండి. కౌలు రైతును మరచిపోకండి, కౌలు కార్డు లేకపోయినా చేను చేసేది ఆయనే. బోరు ఉన్నవాళ్ళ జవాబులూ లేనివాళ్ళ జవాబులూ ఒక్కచోట కలిపి సగటు తీయకండి.

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్ళకు కూడా ఒక మాట. ఎవరైనా వచ్చి ఎట్లాంటి విత్తనం కావాలని అడిగితే, అన్నీ కావాలని చెప్పి పంపకండి. పదిరోజులు ముందు కోతకొస్తే ఎన్ని కిలోలు వదులుకోగలరో చెప్పండి. కట్టె బాగుంటే కాయలో ఎంత తగ్గినా సరిపెట్టుకుంటారో చెప్పండి. ఎంత బెట్టకు ఎంత మిగిలితే మీ ఇల్లు నిలుస్తుందో చెప్పండి. ఆ మాటలు అంకెలవుతాయి, ఆ అంకెలు ఇండెంటులోకి, అక్కడినుంచి పరిశోధనా కేంద్రంలోకి వెళ్తాయి. ధర్మవరం మగ్గం మీది చీరకైనా, కొర్ర బియ్యం అమ్మే మహిళా సంఘానికైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. కొనేవాళ్ళు దేనికి ఎంత ఇస్తారో తెలిస్తే ఏ రకాలు చేయాలో, ఏవి ఆపాలో తెలుస్తుంది.

వాన మన చేతుల్లో లేదు. ఆ వానకు ఏ విత్తనం ఎదురు నిలవాలో నిర్ణయించే మాట మాత్రం మన చేతుల్లో ఉంది. 2002లో అడిగారు, మన రైతులు ఎంచుకున్నారు, ఆ ఎంపిక నిలబడింది. ప్రతి ఊళ్ళో, ప్రతి ఖరీఫ్‌కు ముందు మళ్ళీ అడగాలి. అడగకపోతే మనమే వెళ్ళి చెప్పాలి.